మా అత్త తుడిచిన కారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది. మా నాయన కారు బయటికి తీసే ముందు నేను వాకిట్లో నిలబడి, ఇల్లంతా వినపడేట్టు, "అత్తా, బండి పోతాండాది, లోపలికి పో!" అని అరవాలి. మా అత్త, అంటే మా నాయన చెల్లెలు, ఎక్కడున్నా, చేతిలో ఏ పనున్నా వదిలేసి, వంటింటి వెనక గదిలోకి పోయి తలుపు వేసుకునేది. తలుపు చప్పుడు విన్నాకే మా నాయన బండెక్కేవాడు. మొగుడు పోయిన ఆడది ఎదురైతే తలపెట్టిన పని చెడుతుందని ఆయన నమ్మకం. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఊరిలో ఇంత గొంతు ఇంకో పిల్లకు లేదని ఆయన ఒకసారి మెచ్చుకుంటే, మరుసటి రోజు నుంచి ఇంకా గట్టిగా అరిచాను. సరిగ్గా అరిస్తే ఏదో ఒకరోజు పక్కసీట్లో కూర్చోబెట్టుకుని కడపకు తీసుకుపోతానని కూడా అన్నాడు.

మాది కమలాపురం దగ్గర ఒక పల్లె. కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులవి. ఆఫీసులు డేరాల్లో నడుస్తున్నాయనీ, పలుకుబడి ఉన్నవాడికి అక్కడ పనులు ఇట్టే అవుతాయనీ చెప్పుకునేవాళ్లు. మా నాయన శెనక్కాయల సేద్యం జీతగాడి మీద వదిలేసి పెద్దమనుషుల వెంట తిరగడం మొదలుపెట్టాడు. బస్సు దిగి వచ్చినవాణ్ణి గేటు దగ్గరే నిలబెడతారు, కారు దిగినవాడికి కుర్చీ వేస్తారు అనేవాడు. అందులో అబద్ధం లేదు.

ఆ కారు గురించి చెప్పాలి. ఇప్పటి కార్ల లాంటిది కాదు. ఇద్దరే కూర్చోవచ్చు. పైకప్పు లేదు. నేలకు జానెడెత్తున ఉండి, ముక్కు పొడుగ్గా ఉండేది. పరుగుపందేల కోసం చేసిన బండి అని, ఒక దొర దేశం వదిలిపోతూ అమ్మేశాడని అనేవాళ్లు. తుమ్మాకు పచ్చ రంగు. చక్రాలకు రేకు బిళ్లలు కాదు, సైకిలుకున్నట్టు సన్నటి కడ్డీలుండేవి, ఒక్కో చక్రానికి నలభై ఎనిమిది. దొర చేతిలోనే అది ముసలిదైంది. అయినా మా వాకిట్లో నిలబడితే నిన్ననే పెట్టెలోంచి తీసినట్టుండేది. అది ఎవరి చేతి చలవో బయటివాళ్లకు తెలియదు.

ఆ కారు మా నాయనది కాదు, మా అత్త మొగుడిది. ఆయన మోజుపడి కొన్నాడు. కొన్న ఏడాదికే విషజ్వరంతో పోయాడు. అప్పటికి మా అత్తకు ఇరవై ఏళ్లు నిండలేదు. ఆమె కాలు పెట్టిన వేళా మంచిది కాదు, ఆ బండి వచ్చిన వేళా మంచిది కాదని అత్తగారింటివాళ్లు రెండింటినీ ఒకే నెలలో మా ఇంటికి పంపించేశారు. పొలాలు మాత్రం వాళ్లే పెట్టుకున్నారు. కారు రాగానే మా నాయన గుమ్మడికాయ కొట్టించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించాడు. పావుగంటలో దాని దోషం పోయింది. మా అత్త కోసం ఎవరూ ఏ కాయా కొట్టలేదు.

మొదట్లో కారు తుడిచే పని మా అమ్మది. ఒకరోజు మా నాయన తలుపు మీద వెంట్రుకంత గీతలు చూసి, మా అమ్మ చేతి గాజులవి అని కనిపెట్టాడు. ఆ సాయంత్రం అన్నం తింటూ, తల ఎత్తకుండానే, "రేపట్నుంచి చెల్లెలు తుడుస్తాదిలే. గాజుల్లేని చేతులు, రంగు గీసుకోదు" అన్నాడు. మా అత్త అప్పుడు ఆయనకే మజ్జిగ పోస్తోంది. చెయ్యి ఆగలేదు, మజ్జిగ ఒలకలేదు. మాట విననట్టే లోపలికి పోయింది.

కానీ మరుసటి రోజు నుంచి ఆమె ఆ పని చేసిన తీరు చూస్తే, అది చాకిరీ అని ఎవరూ అనరు. తెల్లవారుజామునే లేచేది. తన మొగుడి పాత పంచెలు నాలుగు పెట్టెలో దాచుకుని ఉండింది, వాటినే చించి గుడ్డలు చేసుకుంది. ఒకటి దుమ్ముకు, ఒకటి తడికి, ఒకటి మెరుపుకు. తోలుసీట్లకు చుక్క ఆముదం రాసి ఆరబెట్టేది. దీపాల చుట్టూ పూత వెలిసిపోయి ఇత్తడి బయటపడిన చోట చింతపండుతో తోమేది. గుడ్డపేలిక కడ్డీల మధ్య దూర్చి, అటూ ఇటూ లాగుతూ ఒక్కో కడ్డీని విడిగా తుడిచేది. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టేదాన్ని. నలభై ఎనిమిదీ అయ్యాక ఆమె ఒకసారి వెనక్కి జరిగి చూసుకునేది. ఆ ఇంట్లో ఆమె ముఖం తేటగా ఉండగా నేను చూసింది ఆ ఒక్క వేళే.

"ఇవి తిరిగేటప్పుడు కడ్డీలు కనపడవంట పాపా, గాలి మాదిరిగా ఉంటాదంట. మీ మామ చెప్పినాడు. నేనేమో ఒక్కసారీ చూల్యా" అని ఒకరోజు అంది. అత్తగారింట్లో ఉన్నప్పుడు కోడళ్లు వీధి వాకిట్లోకి వచ్చే ఆచారం లేదు. ఇక్కడేమో బండి కదిలే ముందు నేను అరుస్తాను. తిరిగొచ్చేటప్పుడు రాకూడదనేమీ లేదు గానీ, మా నాయన ఎప్పుడూ పొద్దుపోయాకే వచ్చేవాడు. రోజూ తుడిచే బండి కదలగా చూడాలన్నదే ఆమె కోరిక. ఇంకేమీ అడగలేదు. అది విని కూడా నేను మరుసటి రోజు ఎప్పటిలాగే అరిచాను.

ఇంకో సంగతి ఆమెకూ నాకూ మాత్రమే తెలుసు. ఆ కారు ముందు డబ్బాలో, అంటే రేడియేటరులో, రోజూ కాసిన్ని నీళ్లు పొయ్యాలి. మా ఇంటి బావి నీళ్లు ఉప్పన. కాచినా, నిలవ పెట్టినా సున్నం పేరుకుంటుంది. మాకు పుట్టినప్పట్నుంచి అలవాటు గనక అదొక తప్పుగా ఎవరికీ తోచదు. మా అత్త మాత్రం స్నానాల నీళ్లు కాచే కాగులో నా చెయ్యి పెట్టించి, లోపల గరుకుగా అట్టకట్టిన తెల్లటి పొర తడిమించింది. "దీని కడుపులోనూ ఇట్లే పేరుకుంటాది. నీళ్లు పారే దారి మూసుకుపోతాది. అప్పుడింక మంట ఆరేదెట్ల?" అంది. ఇది కూడా మా మామ చెప్పిందే. అందుకని ఆమె అర మైలు దూరంలో ఉన్న మంచినీళ్ల బావికి పోయి, రెండు బిందెలు తాగడానికి తెచ్చే వంకతో ఇంకో చెంబు కారుకు తెచ్చేది. ఆ చెంబు మోసేది నేను. బండి వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత ముట్టుకోకూడదని కూడా చెప్పింది.

మా నాయన చూడవచ్చినవాళ్లందరికీ, "నేనే తుడుచుకుంటా. పరాయి చెయ్యి పడనీను" అని చెప్పుకునేవాడు. తలుపు వెనక మా అత్తకు అది వినిపించేది. నాకైతే నవ్వొచ్చేది.

పక్క ఊరి పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయన మాట కర్నూలులో చెల్లుతుందని మా నాయన ఆశ. ఆయన కొడుకు పెళ్లికి పెళ్లికొడుకును విడిది నుంచి పందిట్లోకి మా కారులో తీసుకుపోవాలని అడగడానికి ఒక పొద్దున నలుగురితో వచ్చాడు. మా నాయన కాలు నేల మీద నిలవలేదు. పెద్దాయన కారు చుట్టూ తిరిగాడు. చక్రం దగ్గర వంగి కడ్డీల మధ్య వేలు పెట్టి చూశాడు. దుమ్ము అంటలేదు.

"ఎవురప్పా దీన్నింత బాగా పెట్టుకొనేది?" అన్నాడు.

"నేనే అన్నా, ఇంకెవురు" అన్నాడు మా నాయన.

"కాదు, మా అత్త" అన్నాను నేను.

ఎందుకన్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. మా అత్తకు ఆ మెప్పు దక్కాలని అన్నానని చాలాకాలం చెప్పుకున్నాను. అది సగం నిజం. అందరూ నావైపు తిరిగి చూడాలని అన్నది మిగతా సగం. చూశారు కూడా. పెద్దాయన "ఏ అత్త?" అన్నాడు. నేను వంటింటి వైపు చెయ్యి చూపించాను. మా ఇంటి సంగతి ఆయనకు తెలియనిది కాదు. కారు మీదున్న చేతిని తీసి, భుజం మీది తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకున్నాడు.

"నిన్నెవురడిగినారే?" అన్నాడు మా నాయన, చాలా మెల్లగా. ఆయన నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

వాళ్లు పోయాక ఆయన నేరుగా లోపలికి పోయి, మా అత్త గుడ్డల మూట పట్టుకొచ్చి, నీళ్లపొయ్యిలో వేశాడు. ఆమెను పిలిచి ఎదురుగా నిలబెట్టాడు. అవి ఆమె మొగుడి పంచెలని ఆయనకు తెలుసు. కాలేదాకా కదలనివ్వలేదు. "ఇంక బండి పక్కకు పోతే కాలిరగ్గొడ్తా. నా పరువు తీసినావు గదమ్మే" అన్నాడు. మా అత్త నావైపు చూడలేదు. ఆమె చూడకపోవడానికే నాకు ఎక్కువ భయం వేసింది.

తరువాత అంతా సర్దుకుంది, వాళ్లకు. మా నాయన పసుపునీళ్లతో కారు కడిగించాడు, మళ్లీ గుమ్మడికాయ కొట్టించాడు, పెద్దాయన దగ్గరికి పోయి చేతులు పట్టుకున్నాడు. ఆయన ఒప్పుకున్నాడు. పెళ్లికింకా మూడు నెలలుంది. కారు పని జీతగాడికి అప్పగించారు. పాపం వాడు ఎద్దులను కడిగినట్టే దాన్నీ కడిగాడు. రోజూ ఇంటి బావిలో చేద వేసి, ఆ ఉప్పునీళ్లే రేడియేటరులో పోశాడు.

మొదటిరోజే నేనది చూశాను. మా నాయనకు చెబుదామని అరుగు దాటి పరుగు తీయబోతుంటే వెనకనుంచి ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. మా అత్త. ఎంత గట్టిగా పట్టుకుందంటే నా గాజు ఒకటి చిట్లి చర్మంలో దిగింది. నా ముఖంలో ముఖం పెట్టి, "నిన్నెవురన్నా అడిగినారా?" అంది.

మా నాయన మాటే అది. గొంతు కూడా అంత మెల్లనే. లేదన్నట్టు తల ఊపాను. ఆమె నెత్తురు తన కొంగుతో తుడిచి, గాజుముక్క తీసేసి లోపలికి పోయింది. నేను ఆ రోజు చెప్పలేదు, ఆ తరువాత కూడా చెప్పలేదు. నెల తిరిగేసరికి, ఎర్రగుంట్ల దాకా పోయి వచ్చేసరికే బండి కాగిపోతోందని మా నాయన జీతగాణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. వాడు ఇంకో చేద ఎక్కువ పోసేవాడు. మా అత్త తిరగలి దగ్గర కూర్చుని వింటూ ఉండేది. మోటారు చప్పుడు మారిందని నాకు తెలియదు గానీ ఆమెకు తెలుసు. తిరగలి ఆపి ఒక నిమిషం విని, మళ్లీ తిప్పుకునేది.

పెళ్లి ఎండలు మండే నెలలో వచ్చింది. మధ్యాహ్నం ముహూర్తం. ఆ పొద్దున కూడా నేను అరిచాను, మా అత్త తలుపు వేసుకుంది, మా నాయన కొత్తపంచె కట్టుకుని బయల్దేరాడు. మేమంతా ఎద్దుల బండిలో వెనక పోయాం. విడిది నుంచి మేళం ముందు, కారు వెనక, మనిషి నడకంత నెమ్మదిగా కదిలింది. పెళ్లికొడుకు పక్కసీట్లో బాసికంతో కూర్చున్నాడు. నాకిస్తానన్న సీటు అదే కదా అనుకుంటూ నేను చక్రం పక్కనే నడిచాను. కడ్డీలు మాయం కాలేదు, ఒక్కోటి లెక్కపెట్టేంత మెల్లగా తిరిగాయి. వాటి మధ్య ఎర్రమట్టి అట్టకట్టి ఉంది.

సగం దారిలో కారు ముక్కులోంచి ఆవిరి లేచింది. మేళం ఆగింది. పెళ్లికొడుకు దగ్గుతూ దిగాడు. పెద్దాయన వెనక్కి వచ్చి, "ఏమప్పా, నా కొడుకును పొగబెట్టేకి ఎక్కించుకొన్నావా?" అన్నాడు. జనం నవ్వారు. ఎవరో వెనకనుంచి, "ముండమోపి చెయ్యి పడిన బండి, పసుపుతో కడిగితే పోతాదా?" అన్నారు. మా నాయన ముఖం నల్లబడింది. ఆ నవ్వుల మధ్య ఆయనకు ఆలోచన ఎక్కడుంటుంది? చేతికి తువ్వాలు చుట్టుకుని రేడియేటరు మూత పట్టుకున్నాడు. దాన్ని ముట్టుకోకూడదని నాకు తెలుసు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిచాను. ఊరిలో అంత గొంతు ఇంకో పిల్లకు లేదు కదా. ఆ గొంతు రాలేదు. నన్నెవరూ అడగలేదు.

మరిగే నీళ్లు ఆయన ముఖం మీదికీ, రొమ్ము మీదికీ చిమ్మాయి. ఆ కేక గురించి నేను రాయను.

పెళ్లికొడుకు నడిచి పందిట్లోకి పోయాడు. మా నాయనను అరటాకుల్లో పడుకోబెట్టి బండిలో ఇంటికి తెచ్చాం. వెనక కారును రెండు ఎద్దులు మోకులతో ఈడ్చుకొచ్చాయి. మా వీధి మలుపు తిరిగేసరికి మా అత్త వాకిట్లో నిలబడి ఉంది. కబురు ముందే అందినట్టుంది. నేను బండి దిగి ముందుగా పరుగెత్తుతూ, ఆమెను చూడగానే, కావాలని కాదు, అలవాటు కొద్దీ, "అత్తా, బండి వస్తాండాది, లోపలికి పో!" అని అరిచాను.

ఆమె కాళ్లు నిజంగానే రెండడుగులు వెనక్కి పోయాయి. తరువాత ఆగింది. మళ్లీ ముందుకొచ్చి వాకిలి నడుమ నిలబడింది. మూలుగుతున్న అన్నను మోస్తూ ఎద్దుల బండి ఆమెను దాటిపోయింది. ఆమె కళ్లు మాత్రం ఆ వెనక వస్తున్న కారు చక్రాల మీదే ఉన్నాయి. మట్టి కొట్టుకుపోయి, ఎద్దుల నడకకు కిర్రుమంటూ తిరుగుతున్నాయి. అవి ఆగేదాకా చూసింది. కారు కదలగా ఆమె చూసింది అదే మొదలు, అదే చివర.

కడప డాక్టరు రోజూ పొద్దున కాచి చల్లార్చిన నీళ్లతో పుండ్లు తుడవాలన్నాడు. మా అమ్మ తుడవబోతే మా నాయన అల్లాడిపోయాడు. "గాజులు తగుల్తాండాయి, పో! చెల్లెల్ని రమ్మను" అన్నాడు. కళ్లకు గుడ్డ కట్టి ఉంది గనక ఆ మాటకు మా అత్త ముఖం ఎలా అయిందో ఆయన చూడలేదు. నేను చూశాను. ఏమీ కాలేదు. ఆమె మంచినీళ్ల బావికి పోయి నీళ్లు తెచ్చింది. మెత్తటి గుడ్డతో, ఒక్కో పుండూ విడిగా, దుమ్ముకొకటి తడికొకటి అన్నట్టు, నెలన్నర పాటు తుడిచింది. అందులో ప్రేమ ఉందని నేను చెప్పలేను. తుడవడం ఆమెకు వచ్చిన పని, దాన్ని ఆమె చెడగొట్టదు, అంతే. చర్మం మచ్చ పడకుండా మానిందని డాక్టరే ఆశ్చర్యపోయాడు. ఎడమ కన్ను మాత్రం పోయింది.

కారును కొట్టంలో పెట్టారు. దాని జోలికి పోవద్దని ఇప్పుడు అనేవాళ్లు లేరు, అయినా ఆమె పోలేదు. సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టాయి.

రెండు నెలలకు మా నాయన లేచి కర్నూలుకు బయల్దేరాడు, ఈసారి బస్సుకు. చొక్కా గుండీలు పెట్టింది మా అత్తే. ఆయన గడప దగ్గరికి వచ్చి ఆగాడు. మిగిలిన కంటితో నావైపు చూశాడు. నాకు అర్థం కాలేదు. ఆయన విసుగ్గా, "ఏం మే, నోరు పడిపోయిందా? అరువు" అన్నాడు.

మా అత్త ఆయన వెనకే నిలబడి ఉంది. చేతులకింకా మందు వాసన. నావైపు చూసింది, అయిదు నెలల తరువాత మొదటిసారి సూటిగా చూసింది. నేను అరవనని అనుకుందేమో. నేను అరిచాను. తలుపు చప్పుడు వినిపించింది. మా నాయన చెప్పులేసుకున్నాడు.

మా అత్త పోయి చాలా ఏళ్లయింది. నా మొగుడు పోయి ఆరేళ్లు. నేనిప్పుడు కర్నూలులో మనవడి దగ్గర ఉంటాను. వాడికి ఒక కారుంది, ఆదివారాలు వాడే తుడుచుకుంటాడు. ఈ ఇంట్లో శకునాలు ఎవరూ చూడరు. "అవ్వా, గేటు దగ్గరికి రా, టాటా చెప్పు" అని వాడే పిలుస్తాడు. పోవాలనే లేస్తాను. కానీ వాడు తాళం తిప్పి మోటారు కదిలిన చప్పుడు వినపడగానే నా కాళ్లు వాటంతటవే లోపలికి తిరుగుతాయి. ఎవరూ అరవరు. అరిచే పిల్ల నాలోనే ఉంది, దాని గొంతు ఇంకా తగ్గలేదు.